ఆటంకాల గడి

మే 4

నువ్వన్నది తప్పు. నిన్న బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తలెత్తకుండా, "నువ్వు రాసిందే కదా అమ్మమ్మా మేం అమలు చేస్తున్నాం" అన్నావు. నేను రాసింది పక్షుల లెక్క. ఇరవై రెండేళ్ళు, వారానికి రెండు ఉదయాలు, మడుగు గట్టు మీద బల్ల వేసుకుని కూర్చుని, ఎన్ని బుడబుంగలు, ఎన్ని నీటికోళ్ళు, ఎన్ని గూళ్ళు అని రాశాను. మడుగు చుట్టూ కంచె వెయ్యమని రాయలేదు. మనుషుల్ని పట్టుకోమని అసలే రాయలేదు. చివర 'ఆటంకాలు' అని ఒక నిలువుగడి ఉంటుంది. ఖాళీగా వదిలితే బాగుండదని అందులోనూ ఏదో ఒకటి రాసేదాన్ని. ఆ గడి నేను గీసింది కాదు. మీ అటవీశాఖవాళ్ళు అచ్చువేసి ఇచ్చిన ఫారంలో ఉంది.

ఈ మాట నీ మొహం మీదే అనొచ్చు. కానీ నువ్వు ఇంట్లో కనబడే అరగంటా యూనిఫాంలో ఉంటావు. యూనిఫాంతో వాదించే వయసు దాటిపోయింది నాకు. అందుకని ఈ డైరీ. నువ్వు చదవవని తెలుసు కనుక నీకే రాస్తున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని, ఎదురుగా ఎవరో ఒకరు లేకపోతే నాకు మాట సాగదు.

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెట్టుకుంటాను, రేపు నేనే మార్చి చెప్పుకోకుండా. సోమవారం పొద్దున చాపలావిడ కంచె దాటి, తన పడవలో, మడుగులో చాపలల్లుకునే జమ్ము గడ్డి కోస్తుండగా కాపలావాడు పట్టుకున్నాడు. పడవ వదిలేసి కొడవలి తీసుకున్నాడు. ఆఫీసులో కాగితం రాశారు. కింద సంతకం పెట్టింది నువ్వు. నీకు ఆరేళ్ళప్పుడు ఆ పడవలోనే కూర్చుని, జమ్ము ఆకుతో ఆవిడ చేసిచ్చిన బూరా రెండు రోజులు ఆపకుండా ఊది నా చెవులు తిన్నావు. కాగితంలో ఆవిడకి మీరు పెట్టిన పేరు 'నిందితురాలు'.

మే 5

కూర బాగుందన్నావు. ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. కొడవలి మాట ఇద్దరం ఎత్తలేదు.

మే 9

బల్ల దగ్గరికి వెళ్ళాను. గేటు దగ్గర మెడలో కార్డు చూపించాలి: 'గౌరవ పరిశీలకురాలు'. ఆ కార్డు వేసుకుని నడుస్తుంటే, తప్పిపోతే ఇంటికి చేర్చండి అని మెడలో రాసి కట్టిన పిల్లలా ఉంటాను. లోపల పెద్ద బోర్డు: 'రక్షిత ప్రాంతం. నిశ్శబ్దం పాటించండి.' పాటించక చేసేదేముంది? కూసేవి వెళ్ళిపోయాయి.

కంచె పడకముందు ఏడాది నలభై ఒక్క గూళ్ళు. కంచె పడ్డ ఏడాది ముప్ఫై ఎనిమిది. తరవాత పదిహేడు. పోయినేడు ఐదు. నీళ్ళు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి. జమ్ము కమ్మేసింది. మనిషెత్తు జమ్ము, గట్టు నుంచి గట్టుకి. బుడబుంగ బాతు పిల్లంత ఉంటుంది. నీటి మీద పరుగెత్తితే గాని పైకి లేవలేదు. జమ్ము అంచున, ఎదురుగా నీళ్ళు కనిపించేచోట, తడి చెత్తలాంటి తెప్ప కట్టి అందులో గుడ్లు పెడుతుంది. అంచు అంటూ ఉండాలంటే జమ్ము ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

మొత్తం మడుగులో ఒక్కచోట ఆగింది. నా బల్లకి ఎదురుగా, పడవకి రెండింతల వెడల్పున ఒక సందు. చాపలావిడ సోమవారం పట్టుబడేలోపు కోసిన సందు.

మే 13

ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. నడిస్తే పదిహేను నిమిషాలు.

ఒకే గది, ముందు రేకుల వసారా. వసారాలో నేల మీద రెండు కర్రల మధ్య దారాలు బిగించి ఉన్నాయి, సగం అల్లిన చాప ఉంది. జమ్ము చాప కాదు. నీలం, గులాబీ ప్లాస్టిక్ పట్టీలు. మూల ఆ పట్టీల చుట్టలు, ఏదో ఆసుపత్రి సామానులా.

"రండి టీచరమ్మగారూ. కుర్చీ లేదు, చాప ఉంది. దానికి మాత్రం మా ఇంట్లో కొదవ లేదు" అంది.

కూర్చున్నాను. నా మోకాళ్ళు రెండూ చెరొక మాట అన్నాయి. ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్దది. నన్ను మీరంటుంది. నేను నువ్వంటాను. ఇన్నేళ్ళుగా ఇది నా చెవికి ఎందుకు తగల్లేదో మరి.

తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. నీ సంగతి అడిగింది. చిక్కిపోయావట. సంతకం పెట్టేముందు పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టావట. "నేనే అన్నాను, పెట్టమ్మా, నీ పని నువ్వు చేసుకో అని" అంది. నువ్వు నాకు ఇది చెప్పలేదు.

కంచె ఉందని తెలిసీ ఎందుకు వెళ్ళావని అడిగాను. మూడేళ్ళు ఆగిందట. ఇక ఆగితే లాభం లేదట. వచ్చే నెల వానలు. ఈలోగా, నీళ్ళు తగ్గి ఉన్నప్పుడే, జమ్ముని మొదలంటా కోసేయాలి. కోసిన మోడు మీదికి వాననీళ్ళు వస్తే మునిగి కుళ్ళిపోతుంది, ఆ ఏడు మళ్ళీ లేవదు. వానలయ్యాక కోస్తే తల గొరిగించుకున్నట్టే, నెల తిరిగేసరికి మామూలే. "ఈ ఏడు కూడా కోత పడలేదనుకోండి, అడుగున వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని చాప కట్టేస్తాయి. ఆ చాప విప్పడం నా వల్ల కూడా కాదు" అంది.

ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చెప్పిందేమో, నేను ఆ పేజీలు తిప్పేసి ఉంటాను.

పోనీ మారుమూల ఎక్కడో కోసుకోకుండా, కాపలావాడికి ఎదురుగా, నా బల్ల ముందే ఎందుకు మొదలుపెట్టావని అడిగాను. నేనేదో అడగరానిది అడిగినట్టు చూసింది.

"ఎప్పుడూ అక్కడే కదమ్మా మొదలు. మీరు వచ్చి కూర్చుంటే ఏం కనబడాలి, గడ్డిగోడా?"

ఆవిడ చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే ఇంకొకటి చూశాను. పట్టీని ఎడమచేత్తో లాగి ఎడమచేత్తోనే కోస్తోంది. ఎడమచేతి వాటమా అని అడిగితే, "పుట్టినప్పట్నుంచీ" అని నవ్వింది. కొడవలి కూడా చెప్పి చేయించుకున్నదేనట, పళ్ళు అటువైపు.

మీ ఆఫీసు పెద్దసారుకి నేను రాస్తానన్నాను. ఈ నెలలోపే కోతకి అనుమతి ఇప్పిస్తానన్నాను. ఇప్పిస్తాను అనే మాట ఎందుకు వాడానో తెలియదు.

"మీరు రాస్తే అవుతుంది టీచరమ్మగారూ. కంచె కూడా మీరు రాస్తేనే కదా వచ్చింది" అంది.

వెటకారం లేదు. మొహమంతా వెతికాను. లేదు.

మే 14

మడుగులో జమ్ము మధ్య సందులన్నీ ఎడమకి వంపు తిరిగి ఉంటాయని, అది గాలి వాటం వల్ల ఏర్పడిందని పన్నెండేళ్ళ కిందట ఒక వ్యాసం రాశాను. రెండు బొమ్మలతో సహా అచ్చయింది. ఒక కాలేజీలో దాని మీద గంటసేపు మాట్లాడాను. శాలువా కప్పారు.

ఎడమచేతి మనిషి పడవలో కూర్చుని కోసుకుంటూ పోతే ఎటు తిరుగుతుంది?

శాలువా ఇంకా ఉంది. బాగానే వెచ్చగా ఉంటుంది.

మే 20

మీ ఆఫీసు. పెద్దసారు గదిలో బల్ల అద్దం కింద ఈక ఒకటి పెట్టుకున్నారు, పక్కన ఏదో వలస పక్షి పేరు అందంగా రాసి. అది పెంపుడు బాతు ఈక. సహాయం అడగడానికి వెళ్ళినదాన్ని కనుక చెప్పలేదు.

నువ్వు తలుపు దగ్గర నిలబడి నన్ను "కూర్చోండి మేడమ్" అన్నావు. ఇంట్లో 'ముసలీ, నా సాక్సులేవీ' అని అరిచే పిల్లవి.

ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నా ఉత్తరం రెండు పేజీలూ పూర్తిగా చదివాడు. పూర్తిగా చదివేవాళ్ళని చూస్తే నాకు ఆశ పుడుతుంది, చెడ్డ అలవాటు. చదివాక బీరువా తీసి ఒక లావు పుస్తకం తెచ్చాడు. నా నోటుబుక్కులే, ఇరవై రెండూ జిరాక్సు తీయించి కుట్టించారు. అంచుల్లో పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. ఒకటి తీసి చదివాడు:

"'ఉదయం ఏడు ఇరవై. చాపల మనిషి పడవ. పద్నాలుగు బుడబుంగలు మునిగిపోయాయి. ఎనిమిదిన్నర దాకా తేలలేదు. ఆటంకం.' మీ దస్తూరీయేనా మేడమ్?"

నాదేనన్నాను. ఇలాంటివి మూడు వందల పన్నెండు ఉన్నాయట. పక్షులకి అతిపెద్ద ఆటంకం జమ్ము కోతేనని నా లెక్కే చెబుతోందట. దాని మీదే ప్రణాళిక కట్టారట, పదేళ్ళకి. ఇంకా ఏడేళ్ళుంది.

మునిగిన పక్షులు సాయంత్రానికి తిరిగొచ్చేవని చెప్పాను. ఆవిడ కోసిన అంచుల్లోనే గూళ్ళు కట్టేవని చెప్పాను. సాయంత్రాలు నేను కూర్చోలేదు కనుక అది రాయలేదని కూడా చెప్పాను.

"రాయనిది మేం ఎలా చదువుతాం మేడమ్?" అన్నాడు. మర్యాదగానే. నిజమే కదా. నేనైనా అలాగే మార్కులు వేసేదాన్ని.

నా ఉత్తరం పైకి పంపిస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు సీలింగు వైపు వెళ్ళింది. నేనూ చూశాను. ఒక బల్లి ఉంది.

మే 21

ఆ గడి నేను గీసింది కాదు.

మే 24

పైనుంచి ఏమీ రాలేదు. ఎండలు. కాపలావాడు గేటు దగ్గర గొడుగు కింద కూర్చుని నాకు సెల్యూట్ చేశాడు. సందులో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. ఆవిడ చెప్పినట్టు, కోతకి సరైన సమయం.

మే 27

అటక మీది పెట్టె దించాను. దించాక దాని మీదే కూర్చోవలసి వచ్చింది, నడుం పట్టేసి. నువ్వు మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఎవరు దించమన్నారని కేకలేశావు. ఏదో పాత ఫొటో కోసమన్నాను.

మొదటి నోటుబుక్కు కోసం. మొదటి పేజీలో మూడు గళ్ళున్నాయి: పక్షులు, గూళ్ళు, ఆటంకాలు. ఎర్ర పెన్సిలు. నా బడి స్కేలు అంచున ఒకచోట సొట్ట ఉండేది, ఏ గీత గీసినా అక్కడ చిన్న గుంట పడేది. మూడో గడి గీతలో ఆ గుంట ఉంది.

మీ శాఖ అచ్చు ఫారం వచ్చింది నేను లెక్క మొదలుపెట్టిన ఎనిమిదో ఏట. ఎవరో ఇద్దరు వచ్చి నా నోటుబుక్కులు తిరగేసి, "చాలా బాగుంది మేడమ్, ఇదే నమూనా పెట్టుకుంటాం" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి నేను పాడాను కూడా.

గడి గీసిన పూట గుర్తుంది. గుర్తులేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను కానీ ఉంది. అదే మొదటి పూట. కొత్త బైనాక్యులర్స్, కొత్త టోపీ. ఆవిడ పడవ నా ముందుకొచ్చి ఆగింది. "ఏం చూస్తున్నారమ్మా? చూపించనా?" అని అడిగింది. నేను పెదాల మీద వేలు పెట్టి, తరగతిలో అల్లరి పిల్లకి చూపించినట్టు, ష్ అన్నాను. ఆవిడ తలూపి, తెడ్డు చప్పుడు కాకుండా పక్కకి తప్పుకుంది. అప్పుడు స్కేలు తీశాను.

చూపించనా అని అడిగిన మనిషిని.

మే 28

నీకు చెబుదామని పళ్ళెం ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. నువ్వు మంచినీళ్ళు అందించావు.

తరవాత నువ్వే మాట్లాడావు. నువ్వూ ఒక నోట్ పెట్టావట, చాపలావిడ చేతే, మీ కాపలా మధ్యే, పది రోజులు కోత పెట్టించమని. పెద్దసారు 'చూద్దాం' అన్నారట. నువ్వే గేటు తీసి ఆవిడని లోపలికి పంపేయొచ్చు కదా అన్నాను, ఆఫీసరువి కదా అని. కొంచెం ఎత్తిపొడుపుగానే అన్నాను.

"నా చేతిలో గేటు తాళం చెవి ఉంది అమ్మమ్మా, గేటు లేదు" అన్నావు.

అన్నం సగం వదిలేసి లేచావు. ఆ సగం నేను తిన్నాను.

జూన్ 6

వచ్చింది! 'జమ్ము తొలగింపునకు అనుమతించడమైనది.' నువ్వు ఫోన్లో చదువుతుంటే నేను రెండుసార్లు చదివించుకున్నాను. మనుషులు లోపలికి వెళ్ళకుండా యంత్రంతో తీయిస్తారట. వానలకు ముందే అని కాగితంలో ఉంది.

యంత్రమైతే ఏమిటి, కోత కోతే కదా. మంచిదే. మంచిదే అని ఆవిడకి చెప్పడానికి వెళ్ళాను. మంచిదేనంది. కాసేపు పట్టీలు సరిచేసుకుని, "ఆ యంత్రానికి గూళ్ళు కనబడతాయా టీచరమ్మగారూ?" అని అడిగింది. వానలకు ముందు గూళ్ళెక్కడివని నవ్వాను. నాకు సైన్సు వచ్చు కదా.

జూన్ 17

వాన.

జూన్ 18

వాన. యంత్రం రాలేదు.

జూన్ 25

వాన. యంత్రం వేరే చోట పనిలో ఉందట. సందులోకి నీళ్ళు నిండాయి. మోళ్ళు మునిగిపోయాయి, ఒక్కటీ పైకి లేవలేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే.

జూలై 12

నీకు సెలవు. నువ్వు యూనిఫాం లేకుండా నాతో వచ్చావు. బల్ల మీద చోటు చాలక ఇరుక్కుని కూర్చున్నాం. నా కార్డు తీసి నీ మెడలో వేసుకున్నావు, నీకే బాగుంది.

నాలుగు గూళ్ళు! నాలుగూ ఆ సందులోనే, ఎడమకి వంపు తిరిగిన అంచు వెంట. మూడు నేను చూశాను, నాలుగోది నువ్వు. బైనాక్యులర్స్ నా చేతిలోంచి లాక్కుని, "అదిగో ముసలీ, ఆ చెత్తకుప్ప కాదూ?" అన్నావు. తల్లి నీళ్ళలోకి జారేముందు ముక్కుతో నాచు తీసి గుడ్ల మీద గబగబా కప్పింది, తలుపు దగ్గరికి వేసి బజారుకి వెళ్ళినట్టు. తెలియనివాడు చూస్తే నిజంగా చెత్తే.

మిగతా మడుగంతా తిరిగొచ్చావు, మోకాళ్ళ దాకా బురదతో. ఇంకెక్కడా ఒక్కటి లేదు. ఈ ఏటికి ఇవే.

నోటుబుక్కులో పక్షుల గడి నింపాను. గూళ్ళ గడి నింపాను. ఈ సందు కోసిన మనిషిని ఏ గడిలో వెయ్యాలో తెలియలేదు. పక్కన ఖాళీలో, అడ్డంగా, రాశాను.

జూలై 23

రేపు యంత్రం వస్తోందట. నువ్వు పొద్దున్నుంచీ ఫోన్ మీదే ఉన్నావు. ఇప్పుడు వద్దని రాసి పంపావు, ఫొటోలతో. పెద్దసారు సమావేశాల్లో ఉన్నారట, మూడు రోజులు. అనుమతి అడిగింది మనమే కదా అన్నారట ఆయన కింది ఆయన.

మనమే. మొదట అడిగింది నేనే.

జూలై 24

రాయాలి. రాయనిది ఎవరూ చదవరు.

తొమ్మిదింటికి లారీ మీద వచ్చింది. పసుపురంగు, తేలే యంత్రం. ముందు పళ్ళున్న చక్రం, కోసిందాన్ని వెనక్కి మోసుకెళ్ళే పట్టీ. నడిపేవాడు నెమ్మదస్తుడు. ఎండలో నిలబడ్డానని తన గొడుగు నాకిచ్చాడు. దారి వచ్చి ఆగేది నా బల్ల దగ్గరే, కనుక అక్కణ్ణుంచే దించాలి, అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఇరవై రెండేళ్ళ కిందట ఆ చోటు నేనే ఎంచుకున్నాను. దారి దగ్గరని.

నువ్వు ఆపమని కాగితం మీద రాసి సంతకం పెట్టి అతని చేతికిచ్చావు. అతను రెండు చేతులతో తీసుకుని చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "మీ సంతకం ఉంది అమ్మా. కానీ నా దగ్గర మీ పైవాళ్ళ సంతకం ఉంది. నేనేం చెయ్యను?" అన్నాడు. అయినా మధ్యాహ్నం దాకా ఆగాడు. అతను ఆగాల్సిన పని లేదు. నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు. పన్నెండున్నరకి ఫోన్ జేబులో పెట్టేశావు.

నేనేం చేశానో కూడా రాయాలి. బల్ల మీద కూర్చున్నాను. అడ్డంగా నిలబడదామని లేచాను. కాపలావాడు వచ్చి మోచెయ్యి పట్టుకుని, "జారతారు టీచరుగారూ" అని మళ్ళీ కూర్చోబెట్టాడు. అంతే. గట్టిగా కూడా పట్టుకోలేదు.

యంత్రం నీళ్ళలోకి దిగగానే నాలుగు తల్లులూ మునిగాయి. మొదటిది మునిగేముందు గుడ్ల మీద నాచు కప్పింది. ఆ చప్పుడులోనూ కప్పింది. చక్రం ఆ కుప్పని ఎత్తి పట్టీ మీద వేసింది. నడిపేవాడు నా వైపు చూసి, ధైర్యం చెబుతున్నట్టు, "చెత్తేనమ్మా" అన్నాడు.

నాలుగు గూళ్ళూ పది నిమిషాల్లో.

కంచె అవతల చాపలావిడ. ఎప్పుడొచ్చిందో తెలియదు. రెండు చేతులతో తీగ పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి ఇటువైపు నిలబడ్డాను. నా వైపు చూడలేదు. "గుడ్ల మీద కోస్తారా ఎవరైనా?" అంది. ఎవరినీ కాదు, యంత్రాన్ని కూడా కాదు. కాసేపయ్యాక నా చేతిలో గొడుగు చూసి, "వేసుకోండమ్మా, ఎండగా ఉంది" అంది.

జూలై 25

నీళ్ళు బాగా కనబడుతున్నాయి.

జూలై 27

నువ్వు సాయంత్రం బూట్లతోనే వంటింట్లోకి వచ్చి గడప మీద కూర్చున్నావు. చేతిలో ఈ నెల ఫారం. పక్షుల గడిలో సున్నా. గూళ్ళ గడిలో సున్నా. "ఆటంకాల గడిలో ఏం రాయను అమ్మమ్మా?" అన్నావు.

అప్పుడు చెప్పాను. స్టవ్ ఆపి, నీ వైపు తిరగకుండా, "ఆ గడి గీసింది నేనే" అన్నాను. మూడు నెలలు పట్టింది ఆ నాలుగు మాటలకి.

"తెలుసు" అన్నావు.

తిరిగి చూశాను.

"మొదటి నోటుబుక్కు కాపీ ఆఫీసులో ఉంది కదా. గీతలో గుంట ఉంది. ఆ స్కేలుతోనే కదా నాకు లెక్కలు చెప్పావు. దాంతోనే కొట్టావు కూడా."

అంటే మే నెలలో బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నువ్వన్నది తప్పు కాదు. పైన మొదటి పేజీలో తప్పని రాశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

మోకాలి మీద ఫారం పెట్టుకుని రాశావు: 'శాఖ యంత్రం. నాలుగు గూళ్ళు.' పెద్దసారు తిప్పి పంపుతారని నీకూ తెలుసు, నాకూ తెలుసు. సంతకం దగ్గర చూశాను. ఈసారి పెన్ను ఎక్కడా ఆగలేదు.

జూలై 29

బల్ల ముందు నీళ్ళలోంచి జమ్ము మొనలు లేస్తున్నాయి, వేలెడంత. వానలు పడ్డాక కోస్తే ఇంతే అని ఆవిడ మేలోనే చెప్పింది. వచ్చే మేకి ఇంకా తొమ్మిది నెలలు. అప్పటికి వేళ్ళు చాప కట్టేస్తే ఇక ఎవరి వల్లా కాదు. కట్టకపోవచ్చు. కడతాయనే అనుకుంటున్నాను.

కోసిన సరుకు ఏదీ దొరకలేదు కనుక ఆవిడ మీద కాగితం కొట్టేశారని, కొడవలి తీసుకెళ్ళొచ్చని నువ్వు చెప్పావు. ఆవిడ ఆఫీసుకి రాదు. నేనే వెళ్ళి అడిగాను. "ఇప్పుడు నాకెందుకది టీచరమ్మగారూ" అంది. గులాబీ పట్టీ చివర ముడి వేసేదాకా తలెత్తలేదు. తన బదులు నువ్వు తీసుకోవచ్చని రాసిన మీ ఆఫీసు కాగితం ముందు పెట్టి, "సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. పెట్టండి అన్నాను. ఆవిడ ఒకసారి తలెత్తి చూసింది. ఎడమచేత్తో సంతకం పెట్టింది.

జూలై 30

ఈ పేజీ చింపి నీ అన్నం డబ్బా మూత కింద పెడుతున్నాను. మిగతా పేజీలు నీకు అక్కర్లేదు.

ఆవిడ సంతకం పెట్టిన కాగితం ఇదే డబ్బా సంచిలో ఉంది, నలపకు. స్టోర్ గదిలో కొడవలి అడిగి తీసుకో. చీటీ దారంతో కట్టి ఉంటుంది, దారం కత్తిరించు, లాగకు, పిడి వదులుగా ఉంది. జీపులో అలాగే పడెయ్యకు. సంచిలో పాత తువ్వాలు పెట్టాను, అందులో చుట్టు. తుప్పు పట్టి ఉంటుంది, పట్టిందని అక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.

వచ్చేటప్పుడు కమ్మరి దగ్గర ఆగు. పిడి బిగించి, పళ్ళు కొత్తగా కొట్టమను. అప్పగించి వచ్చేయకు, అతను మొదలుపెట్టేదాకా పక్కనే నిలబడు. ఎడమచేతి కొడవలి అని ముందే చెప్పు. చెప్పకపోతే తిరగేసి పట్టుకుని, అలవాటుకొద్దీ కుడిచేతికి కొట్టేస్తాడు.